ఆ పొట్లం నా చేతికొచ్చిన రోజు

పోయిన నెల గన్నవరం విమానాశ్రయంలో నా చేతిసంచీ విప్పించి, చెప్పుల దాకా చూసి పంపిన తనిఖీ అమ్మాయిని నా వెనకావిడ విసుక్కుంటుంటే, నాకు మాత్రం ఆ పిల్లకు దణ్ణం పెట్టాలనిపించింది. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో విమానం ఎక్కడమంటే పేరంటానికి వెళ్తున్నట్టు ముస్తాబై వెళ్ళడమే. సోదాలుండేవి గానీ ఇంత పట్టింపుగా ఉండేవి కావు.

అప్పుడు నేను గుడివాడలో కొత్తగా టీచరుగా చేరాను. ఢిల్లీలో ఉన్న అక్కకు కాన్పు కష్టమైందని కబురొస్తే, అమ్మకు ఒంట్లో బాగుండక, బందరు కోర్టులో గుమస్తాగా చేసే మా బాబాయిని తోడు తీసుకుని హైదరాబాదు వెళ్ళి విమానం ఎక్కాను. ఇద్దరికీ అదే మొదటిసారి. ఎక్కేముందు మా మాట విని ఒక పెద్దాయన పలకరించారు. బందరు రేవు దగ్గర చేపల వ్యాపారమట, రొయ్యల ఎగుమతి పని మీద వెళ్తున్నారట. ఊరి మనిషి దొరికాడని బాబాయి సంబరపడిపోతే, నేను అప్పుడే ఆయన్ని మావయ్యగారూ అనేస్తున్నాను. మా వెనక సీటే ఆయనది.

ఫలహారాలు పంచుతుండగా ఒక పాతికేళ్ళ మనిషి లేచి, సరిగ్గా మా వరస పక్కనే నిలబడి, తీగలు వేలాడుతున్న ఒక నల్లగుడ్డ పొట్లం పైకెత్తి, అది బాంబని, విమానం వెనక్కి తిప్పాలని, తన ఉద్యోగం తీసేసిన పెద్దమనుషుల్ని పిలిపించాలని అరిచాడు. తెలుగువాడే. అందరూ తలలు వంచుకున్నారు. నాకు అక్క మొహం తప్ప మరేదీ గుర్తు రాలేదు.

బాబాయి తల వంచలేదు. కోర్టులో బెదిరిపోయిన సాక్షిని కుదుటపరిచినట్టు మెల్లగా మాట కలిపాడు.

"అరిచి అరిచి అలిసిపోయావు నాయనా. కాసిని మంచినీళ్ళు తాగు."

"కదిలితే పేల్చేస్తా."

"ఎక్కడికి కదులుతానయ్యా, ఆకాశంలో ఉన్నాం. తాగు."

ఎప్పటినుంచి దాహంతో ఉన్నాడో, అతను ఖాళీ చేతిని గ్లాసు కోసం చాచాడు. బాబాయి ఆ చెయ్యి ఒడిసిపట్టుకున్నాడు. అదే క్షణాన వెనకనుంచి మావయ్యగారు వలలు లాగిన చేతులతో అతన్ని చుట్టేసి, పొట్లమున్న మణికట్టును గట్టిగా బిగించి పట్టారు. "తియ్యమ్మా, నువ్వు తియ్యి" అన్నారు నాతో. ఒక్కొక్క వేలే విడదీసి ఆ పొట్లం తీసుకున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియక, ఊపిరైనా గట్టిగా పీల్చకుండా, రెండు చేతుల్లోనూ పట్టుకుని నిలబడ్డాను. విమానం సిబ్బందిలో ఒకాయన వచ్చి జాగ్రత్తగా అందుకునేదాకా అలాగే ఉన్నాను. సబ్బుపెట్టెలో మట్టి కూరి తీగలు చుట్టాడని దిగాక గానీ తెలియలేదు.

భయం తీరగానే జనానికి కోపం వచ్చింది. తలా ఒక దెబ్బ వెయ్యడానికి మీదపడ్డారు. బాబాయి అతని మీద అడ్డంగా వంగిపోయాడు. ఆ దెబ్బల్లో కొన్ని ఆయన వీపు మీదే పడ్డాయి.

"దొరికాడు గదండీ, ఇంక కొట్టడం దేనికి? మిగతాది పోలీసులు చూసుకుంటారు" అన్నారు మావయ్యగారు, పట్టు వదలకుండానే. జనం వెనక్కి తగ్గారు. ఆ మనిషి బాబాయి మోకాలి మీద తల పెట్టుకుని దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

పోలీసుల ప్రశ్నలన్నీ అయ్యి ఆసుపత్రికి చేరేసరికి అక్క అప్పుడే పుట్టిన కూతుర్ని నా ఒళ్ళో పెట్టింది. బాబాయి వీపు ఎందుకు కమిలిందో ఆవిడకు చాలా రోజుల తర్వాత గానీ చెప్పలేదు. మావయ్యగారు బతికున్నంతకాలం కోర్టు వైపు పని మీద వస్తే బాబాయి ఇంట్లో కాఫీ తాగకుండా వెళ్ళలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

ఇన్ని యంత్రాలు, ఇన్ని తనిఖీలు వచ్చినందుకు నాకు నిజంగా సంతోషమే. ఏ ఆడపిల్లా అలాంటి పొట్లం పట్టుకుని నిలబడాల్సిన అవసరం రాకూడదు. కానీ పోయిన నెల పక్కసీటు అమ్మాయిని ఏ ఊరమ్మా అని అడిగితే, చెవిలోది తీసి, ఒక్కమాట చెప్పి, మళ్ళీ పెట్టేసుకుంది. తప్పు పట్టను. ఆ రోజు ఆ వేళ్ళు విడదీయగలిగింది నాకు ధైర్యం ఎక్కువై కాదు. ముందు బాబాయీ, వెనక పొద్దున పరిచయమైన మావయ్యగారూ ఉన్నారు, నాకేం కాదనుకున్నాను.