క్రిమికి మొలిచే వెంట్రుకలు, నేను పెట్టని సంతకం

రాష్ట్రం వచ్చిన నాలుగో ఏడు ఎండాకాలంల, నల్లగొండ జిల్లాలోని ఒక పెద్ద దవాఖాన ల్యాబుల కాంట్రాక్టు టెక్నీషియన్‌గా చేరిన. ముప్పై నిండకముందే రిటైరైన. శాలువ కప్పలేదు, పింఛను లేదు. రిటైరైనోళ్లు రాసుకునే జ్ఞాపకాలకు వయసు పరిమితి ఉన్నట్టు మాత్రం ఎక్కడా చదవలే.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మళ్లీ మళ్లీ వచ్చే ఆడవాళ్ల మీద అప్పుడొక పరిశీలన నడుస్తుండె. ఎక్కువమంది పత్తి చేన్లకు కూలికి పోయేవాళ్లే. చాటు లేని జాగాల దినమంతా నీళ్లు తాగకుండ పనిచేసేటోళ్లు. వాళ్ల నమూనాల్లో దొరికే ఈ.కోలై క్రిమి ఒంటి మీద సన్నని వెంట్రుకలుంటయి. పిలై అంటరు. వాటితోనే అది మూత్రాశయం గోడను పట్టుకుంటది. అవి ఉన్నయా లేవా చూసుడు నా పని. గాజు పలక మీద ఈస్ట్ కలిపిన నీళ్ల చుక్క, క్రిమి చుక్క కలిపి మెల్లగ ఊపాలె. వెంట్రుకలు ఈస్ట్‌ను పట్టుకొని విరిగిన పాలలెక్క గడ్డలు కడితే ఉన్నట్టు.

ఆలేరు దిక్కు నుంచి వచ్చిన ముత్తమ్మ నమూనా గడ్డలు కట్టింది. రాసుకున్న. పది దినాలకు మా విభాగాధిపతి సారు తన ముందట మళ్లీ చేయమన్నడు. చేసిన. ఒక్క గడ్డ లేదు.

ట్యూబులు మార్చినవన్నడు సారు. వారంల తనిఖీ ఉంది, నా వల్ల నమూనాలు తారుమారైనయని సంజాయిషీ రాసిస్తే ఫైలు శుభ్రమైతదన్నడు. అది రాసిచ్చినోన్ని ఇంకే ల్యాబుల ట్యూబు ముట్టనియ్యరని మాత్రం చెప్పలే.

"సగం పేజీ పని. గింత దానికి ఫికరెందుకు?" అన్నడు.

"మారింది నా చెయ్యి కాదు సార్, గా క్రిమి. సంతకం దానితోనే పెట్టించుర్రి."

ఇంత పెద్ద మాటకు గది దద్దరిల్లలే. సారు ఫ్యాను జర పెంచుకున్నడు.

నిజంగ నాదొక పొరపాటుంది. మొదటిసారి, కదిలించకుండ రెండు దినాలు పెట్టిన పోషక రసంల పెరిగిన క్రిమిని వాడిన. రెండోసారి తొందరల అగర్ అనే గట్టి జెల్లీ పోసిన పళ్లెం మీద పెరిగినదాన్ని గీకి తీసిన. ఈ క్రిమి జన్యువుల్లో చిన్న తునక ఒకటుంటది. అది ఒక దిక్కు తిరిగితే వెంట్రుకలు మొలుస్తయి, తిరగబడితే ఆగుతయి. కదలని రసంల మొలిచినవి ఎక్కువైతయి, అగర్ మీద బోడివి ఎక్కువైతయి.

గాజు సామాన్లు కడిగే యాదమ్మ ఇది విని, "మా ఆయనకు ఒక్కపారి పోయినయి, మళ్ల రాలే. దీని నసీబు చూడు" అన్నది.

సారు ముందట్నే ఆ పళ్లెం నుంచి ఒక్క చుక్కంత గుంపును, అంటే ఒకే క్రిమి సంతానాన్ని, తీసి రసంల వేసిన. రెండు దినాలకొకసారి కొత్త రసంలకు, మొత్తం మూడుసార్లు. ఇంక్యుబేటర్ తాళంచెవి సారునే పెట్టుకొమ్మన్న. ఆరో దినం సారే పలక ఊపిండు. వట్టి ఈస్ట్ చుక్క ఎట్లున్నదో అట్లనే ఉంది, పక్కన క్రిమి కలిపిన చుక్క గడ్డలు కట్టింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకొని మళ్లీ ఊపిండు. గడ్డలు పోలే.

సంజాయిషీ రాసిన. రసం బదులు అగర్ నుంచి తీసిన, తప్పు నాదే అని. కింద సంతకం పెట్టిన. ట్యూబుల ముచ్చట అండ్ల లేదు. మరుసటేడు కాంట్రాక్టు పొడిగించలే, కారణం రాయలే.

ఫలితం పక్కన క్రిమిని దేంట్ల పెంచినమో రాయాలె. రాయకుంటే, ఫలితం మారిన ప్రతిసారి నింద ఎవరో ఒక టెక్నీషియన్ మీద పడతది.