చుట్టలో ఊడిన ఎరుపు: సిరిసిల్ల నుంచి కోరుట్ల మీదుగా జగిత్యాల

"ఏం గీసినవ్‌రా? రంగు డబ్బా ఒలికినట్టున్నది" అని మా సేటు నవ్వాడు. ఒళ్లు మండింది. సిరిసిల్లలో మరమగ్గాలు నడుపుతూ, ఫోన్లో నైరూప్య చిత్రకారుల బొమ్మలు చూసి సొంతంగా రంగులు పట్టినవాణ్ణి నేను. మనిషీ చెట్టూ లేకుండా ఉత్త రంగులతో గోడంత బొమ్మ వేయొచ్చని వాళ్ల దగ్గరే తెలిసింది. కోరుట్ల సుజాతక్క ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసేది, ఇప్పుడు అలాంటి బొమ్మలే వేస్తుంది. ఆ రోజు సాయంత్రం జగిత్యాలలో ఆమె పెట్టే చిన్న ప్రదర్శనలో గోడ మీద ఒక్క చోటు మిగిలింది. ఆమె ఒప్పుకుంటే అది నాది.

పొద్దున ఏడింటికి బయలుదేరి, వేములవాడలో ఇడ్లీ తిని, కోరుట్ల బస్సెక్కాను. రెండు టికెట్లూ కలిపి నూటయాభై లోపే. కండక్టర్ నా చేతిలోని గుడ్డచుట్ట చూశాడు.

"తాన్‌కు గూడ టికెట్ కొట్టాల్నా తమ్మీ?"

"బొమ్మ అన్నా."

"గింత పొడుగా! ఏ హీరోది?"

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను.

సుజాతక్క ఇంట్లో చుట్ట విప్పగానే ఆ నవ్వు పోయింది. మగ్గం దిగిన బట్టను చుట్టే అలవాటు చేతిది. రంగు లోపలికి పెట్టి బిగించి చుట్టేశాను. ఆరని ఎరుపు అంటుకుని పట్టీలు పట్టీలుగా ఊడింది. చింపబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"ఆగురా! గిట్లనే మంచిగున్నది, గిట్లనే పెడ్దాం."

"డ్యామేజీ మాలక్కా ఇది. దానంతటది ఊడింది నా బొమ్మెట్లయితది?"

ఆమె గుడ్డను నేల మీద సాపు చేసింది. "నిజమే. నేను గూడ గా పెద్దపెద్ద పెయింటర్లను సూసి, రంగు ఎటు కారితే అటు ఇడిసిన. శాన ఏండ్లకు సమజైంది. కారుడు రంగు పని, ఏది ఉంచాల్నో జెప్పుడు నా పని. కుంచె వట్టు. రెండింటికి బస్సున్నది."

గంటసేపు చూసి చూసి, ఊడిన పట్టీల్లో రెండే ఉంచాను. మిగతాదంతా నల్లగా మూసేశాను.

"గింత నలుపేందిరా?"

"నాకు కోపమెక్కువక్కా."

"కనవడ్తనే ఉన్నది!"

గుడ్డను చెక్క ఫ్రేముకు కొట్టి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని బస్సెక్కాం. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ, నాకే టికెట్. గంటలోపే జగిత్యాల.

సాయంత్రం ప్రదర్శనకు, కోరుట్ల అవతలి ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన ఓ పెద్దాయన నా బొమ్మ ముందు ఆగాడు. "ఏంది తమ్మీ ఇది?"

"నీకేమనిపిస్తంది కాకా?"

"ఏమో. సమజైతలేదు." చాలాసేపు చూశాడు. "ఈడికెల్లి పోబుద్ధి గూడ అయితలేదు."

ఫోన్లో చూసిన ఆ చిత్రకారులు నాకు ధైర్యమిచ్చారు, అంతవరకే. వాళ్ల బొమ్మలే నా గుడ్డ మీద దించితే అవి వాళ్లవే. ఊడిన రంగుకు మురిసిపోతే అది ఎవరిదీ కాదు. ఇది ఉండాలి, ఇది పోవాలి అని తేల్చుకున్న ఆ గంటే నాది.

బొమ్మతో ప్రయాణం పెట్టుకుంటే, పూర్తిగా ఆరాకే, రంగు బయటికి వచ్చేలా లావు గొట్టానికి వదులుగా చుట్టండి.