నూనూగు మీసానికి నేను చెప్పిన అర్థం

ఈ కథ చెప్పీ చెప్పీ నాకు నీరసం వచ్చేసింది. అయినా పెళ్లిపందిట్లో నలుగురు చేరితే చాలు, "ఆ మీసాల సంగతి చెప్పండి" అంటారు. సరే, నా పరువు మునిగిన వైనం మరోసారి వినండి.

అరవైల తొలినాళ్లలో సూళ్లూరుపేట దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు అయ్యవారిగా చేరాను. తాత్కాలికపు ఉద్యోగం. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, పాఠం విని, బాగుందంటేనే ఖాయం. ఇరవై దాటినా నా పైపెదవి మాత్రం పులికాట్ ఒడ్డు ఇసుకపర్రలా బోసిగా ఉండేది.

ఒకరోజు పాఠంలో 'నూనూగు మీసాల యువకుడు' అని వచ్చింది.

"నూనూగు అంటే ఏంది సార్?" అన్నాడు వెనక బెంచీ రమణయ్య.

నాకు తెలియదు. ఆ మాటే చెప్పి ఉంటే ఈపాటికి మీరూ నేనూ హాయిగా భోజనానికి లేచేవాళ్లం. కానీ మా ఇంట్లో నువ్వులను నూగులంటారు. అది నోటికి అందింది.

"నూనె, నూగులు కలిస్తే నూనూగు. పూర్వం మీసం రావడానికి నూగుల నూనె రాసుకునేవాళ్లు. ఆ మాట అట్లా పుట్టింది."

"రాస్తే మొలుస్తాయా సార్?"

"మొలవకపోతే మాటెందుకు పుడతాది?"

ఈ తర్కానికి నేనే ముచ్చటపడ్డాను.

మరునాడు తరగతిలో అడుగుపెడితే ఆవకాయ జాడీ మూత తీసినంత వాసన. మగపిల్లలందరి పైపెదవులూ నిగనిగలాడుతున్నాయి. తుడుచుకోండిరా అనేలోపే హెడ్మాస్టరుగారి వెంట ఇన్‌స్పెక్టరుగారు లోపలికి వచ్చారు.

"ఏమిట్రా మూతులకు ఆ జిడ్డు?"

"నూనూగు సార్. మా అయ్యవారు అర్థం చెప్పినారు" అని రమణయ్య నా పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఏ పద్యాన్నీ వాడు అంత శ్రద్ధగా అప్పజెప్పలేదు.

ఇన్‌స్పెక్టరుగారు అలసటగా కళ్లజోడు తీశారు. "లేత దోసపిందె మీద మెత్తటి నూగుంటుంది, చూశారా? నును, నూగు కలిసి నూనూగు. గానుగతో దానికి సంబంధం లేదు."

"పిల్లకాయలకు గుర్తుండాలని ఊరికే అన్నాను సార్. నేను మాత్రం నమ్మలేదు."

ఆయన దగ్గరికొచ్చి నా మొహంలోకి చూశారు. "నమ్మలేదా?"

"లేదు సార్."

"మరి మీ పెదవి మీద వాలిన ఈగ ఎందుకు జారిపోతోంది?"

హెడ్మాస్టరుగారు గోడవైపు తిరిగారు. ఆయన భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

నా ఉద్యోగం ఖాయం కావడం మరో ఏడాది వెనక్కి పోయింది. ఆ సాయంత్రమే నిఘంటువు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: తెలియని మాటకు ఇక పుట్టుక కల్పించను. ఒకవేళ కల్పించినా, నేను మాత్రం నమ్మను.