కంభంలో నలుగు, బీరువాలో పాట

టర్కీలో సంగీత కళాశాల వాళ్లు ఊరూరా తిరిగి పల్లెపాటలు రికార్డు చేసి దాచుకున్నారని మా ప్రిన్సిపాల్ గారు ఎక్కడో చదివారు. మర్నాడే మార్కాపురంలోని మా చిన్న సంగీత పాఠశాలలో ఒక బీరువా ఖాళీ చేయించి, "జానపద భాండాగారం" అని కాగితం అంటించారు. బీరువా సిద్ధం, పాటలే లేవు. అందుకని వయొలిన్ మాస్టారినైన నన్ను కంభం పంపారు. షరతు ఒక్కటే: పాటలో అక్షరం మార్చకూడదు, చరణం వదలకూడదు. పోయినసారి వెళ్లిన మృదంగం మాస్టారు రెండు చరణాలతో, ఒక సంచి సీతాఫలాలతో తిరిగొచ్చారు మరి.

ఉదయం ఏడున్నరకు మార్కాపురం రోడ్ స్టేషన్లో రైలెక్కాను. కిటికీ సీటు దొరికింది; కిటికీ మాత్రం తెరుచుకోలేదు. ఎనిమిదిన్నరకు కంభం. స్టేషన్ బయట ఇడ్లీ, టీ ముగించి, ఆటోలో పల్లె చేరేసరికి తొమ్మిదిన్నర.

ఓబులమ్మ అవ్వకు ఎనభై దాటాయి. పెళ్లికొడుక్కి నలుగు పెట్టేటప్పుడు పాడే పాట పదహారు చరణాలూ ఆ ఊళ్లో ఆమెకొక్కదానికే వచ్చు. ఇప్పుడు పెళ్లిళ్లకు డీజే వస్తుంది. ఫోను రికార్డింగులో పెట్టి, "పాడవ్వా" అన్నాను. రెండు చరణాలు పాడి ఆగిపోయింది.

"తర్వాతది రాదు నాయనా."

"మరిచిపోయినావా అవ్వా?"

"మరుపు గాదు. చేతికింద పెండ్లికొడుకు లేకపోతే పాట ఎట్లొస్తది? గోడకు పూస్తా పాడేదా?"

రెండు చరణాల రహస్యం అప్పుడు తెలిసింది. ఇంట్లో మగవాళ్లంతా మిరపచేలో ఉన్నారు. అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది. కోడలు రమణమ్మ పీట వాల్చేసింది.

"చొక్కా ఇప్పి కూర్చో సారూ. సిగ్గుపడతాంటే అచ్చం పెండ్లికొడుకు మాదిరే ఉండావు!"

యాభై రెండేళ్ల వయసులో సున్నిపిండి కింద నలిగాను, వచ్చి చూసిన నలుగురిలోనూ నవ్వులపాలయ్యాను. కానీ అవ్వ అరచెయ్యి నా వీపు మీద కదిలిందో లేదో, మూడో చరణం వచ్చింది. భుజానికొకటి, మోచేతికొకటి, మెడకొకటి. చెయ్యి ఆగితే పాట ఆగుతోంది. పదమూడు చరణాలు బాగానే సాగాయి.

"నీ పేరేంది నాయనా?"

"సుబ్బరామయ్య."

అక్కడినుంచి పెళ్లికొడుకును పేరుపెట్టి ఆటపట్టించాలట. ఎదురుగా కనబడుతున్నది చూసి అప్పటికప్పుడు కట్టాలట. అవ్వ చెయ్యి నా నెత్తి మీదికి వచ్చింది.

"దువ్వెన దాచుకోరే వదినల్లారా,
సుబ్బరామయ్యకు దాంతో పనిలేదు!"

పదిహేనోది నా పొట్ట గురించి. పదహారోది చెప్పను.

వేణ్నీళ్ల స్నానం, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల పచ్చడి అయ్యాక నాలుగింటి బస్సెక్కాను. పసుపు మాత్రం వదల్లేదు. పక్కసీట్లోని గాజుల వ్యాపారి ఎగాదిగా చూశాడు.

"ఏంది సార్, ఈ వయసులో పెండ్లా?"

"మొదటిదే భాయ్, మళ్లీ చేసినారు."

ఈ దారిన పాటల కోసం వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: ఒత్తయిన జుట్టున్న తోడును తీసుకెళ్లండి.

ఫోనులో పాట పైకే పెట్టి విన్నాను. పదహారూ ఉన్నాయి. చివరి మూడూ కత్తిరించేస్తే ఎవరికి తెలుస్తుంది? వేలు అక్కడిదాకా వెళ్లింది. ఇంతలో వ్యాపారి, "ఆ దువ్వెనది ఇంకోసారి పెట్టు సార్, మా బేగంకు ఇనిపించాల" అంటూ తన ఫోను తీశాడు. మార్కాపురం వచ్చేసరికి వెనక సీట్లవాళ్లు కూడా అందుకున్నారు.

పాట విన్న ప్రిన్సిపాల్ గారి ఆజ్ఞ: సోమవారం నుంచి దీన్ని పాఠశాల పిల్లలకు నేర్పాలి. నేర్పేది నేనే. అక్షరం మార్చకుండా.