జవాబు చెప్పాకే నూడుల్స్

తక్ మన్-సుకి ఉన్నది ఒకటే పిచ్చి. దేశం గురించి ఒక ప్రశ్న వేయనిదే ఎవరికీ నూడుల్స్ పెట్టడు. కొరియాలోని జెచొన్ బజారులో ఆయన కొట్టుకి ఆకలితో వచ్చినవాడు పరీక్ష రాయకుండా పోవడం కల్ల.

"మన జాతీయ పుష్పం?" పొగలు కక్కే గిన్నె చేత్తో పట్టుకునే అడిగాడు.

"చెర్రీ పువ్వు," అన్నాడు టాక్సీ తోలే గూ.

"నీ మొహం! ముగుంగ్‌హ్వా!" అంటూ మన్-సు వంటింటి తెర వైపు తిరిగి కేకేశాడు. గూ ఉన్నది ఇటువైపు, పైగా చెవుడు లేదు.

ఇంకోరోజు మందులషాపు మే-రాన్ చేత జాతీయగీతం మొదలెట్టించాడు. రెండో చరణానికే ఆవిడ నీళ్లు నమిలింది. ఈలోగా గిన్నెలో నూడుల్స్ ఉబ్బి జావైపోయాయి.

భార్య ఒక్-బున్‌కి తల కొట్టేసినట్టుండేది.

"ఏమయ్యా, జనం ఎదురుకొట్టుకి పోతున్నారు!"

"రాజ్యాంగ దినం తెలియనివాళ్లు పోతే పోనీ."

"నాకూ తెలీదు. నన్నూ పొమ్మంటావా?"

"జూలై పదిహేడు!" అని మళ్లీ ఆ తెరకే చెప్పాడు.

తెర వెనక గిన్నెలు తోముతూ థావో ఉండేది. వియత్నాం నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి, కొట్టులో పనికి కుదిరిన పిల్ల. పౌరసత్వం ఇంటర్వ్యూలో అధికారి ముందు నోరు పెగలక ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పితే దరఖాస్తు కొట్టేస్తారు. పుస్తకం తెరిస్తే చాలు, ఏడుపే. పాపం, ఆ పిల్లని చూస్తే ఒక్-బున్‌కి జాలేసేది.

రెండో ఇంటర్వ్యూ అయిన మూడోవారం, మధ్యాహ్నం కొట్టు కిటకిటలాడుతుంటే, థావో తడిచేతుల్తో ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! పాసయ్యాను! అన్నీ మావయ్య ఇక్కడ అడిగినవే!"

ఒక్-బున్ మొగుడి వైపు తిరిగింది. "అయితే ఈ గోలంతా..."

"ఎదురుగా కూచోబెట్టి చెప్పబోతే వణికిపోయింది," మన్-సు గొణిగాడు. "వినడానికేం భయం?"

"నా జవాబులు విన్నావుగా, అమ్మాయ్!" గూ ఛాతీ విరిచాడు.

"విన్నాను బాబాయ్. ఇక్కడ పుట్టిన మీకే ఒక్కటీ రాదు, నేనెందుకు భయపడాలి అనుకున్నాను."

కొట్టంతా పగలబడి నవ్వింది. ఒక్-బున్‌కి మొగుణ్ణి తిట్టాలో ముద్దాడాలో తెలియలేదు.

మర్నాడు మన్-సు ప్రశ్న వేయకుండానే గిన్నె పెట్టి వెళ్లబోయాడు. గూ దాన్ని వెనక్కి తోశాడు.

"అడగవయ్యా! జాతీయగీతం నాలుగు చరణాలూ బట్టీపట్టి వచ్చాను!"