టికెట్ ఇంగ్లీషులో అడిగిన రోజు

నారాయణగూడలో బస్సెక్కి, ఆడవాళ్ల సీట్లో కూర్చుని, ఇంగ్లీషు వాక్యాలు లోలోపలే వల్లె వేసుకుంటున్నాను. మర్నాడు మా పాప నర్సరీ సీటుకోసం ఇంటర్వ్యూ. తల్లిదండ్రులనూ ఇంగ్లీషులోనే అడుగుతారట. అంతకుముందు ఒక బడిలో, డిగ్రీ చదివిన నేను నోరు విప్పలేకపోయాను. పాపకు సీటు రాలేదు.

పక్కనున్న అమ్మాయి ఒళ్లో పోటీ పరీక్షల పుస్తకాలున్నాయి. నా పెదవులు కదలడం చూసి, "గట్టిగ అను అక్కా. మనసుల అనుకుంటే నాలుక మీదికెట్ల వస్తది?" అంది.

"అందరు వింటరు."

"విననియ్యి. వీళ్లెవరన్న రేపు నీకు కనవడ్తరా?"

కండక్టర్ రాగానే ఆమె అందరికీ వినపడేలా, "వన్ అశోక్ నగర్, ప్లీజ్. ఈజ్ ద బస్ లేట్ టుడే?" అంది. వెనక నుంచి ఎవరో, "అబ్బో, లండన్ బస్సెక్కినమా ఏంది!" అన్నాడు. అందరూ నవ్వారు.

"లండన్ గాదన్నా, చిక్కడపల్లి బస్సే. నేను రోజు ఇట్లనే నేర్చుకుంట," అని, నా వైపు తిరిగి, "ఇగ నువ్వు అడుగు" అంది.

కండక్టర్ వైపు తిరిగాను. చిక్కడపల్లికి టికెట్ ఇంగ్లీషులోనే అడిగాను. మళ్లీ నవ్వారు. నాకేమీ కాలేదు.

మర్నాడు ప్రిన్సిపల్ మేడమ్ ముందు ఒక మాట దగ్గర తడబడ్డాను. ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. నవ్వనియ్యి అనుకుని వాక్యం పూర్తి చేశాను. ఆ తర్వాత, పిల్లలు ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటారని నేనే ఇంగ్లీషులో అడిగాను. ఆమె జవాబు చెప్పేదాకా కుర్చీలోంచి లేవలేదు.