నురుగు మందు, మూసుకుపోయిన గొట్టాలు

2008 వర్షాకాలం మొదట్లో నన్ను అచ్యుతాపురంలోని ఒక మందుల ఫ్యాక్టరీలో వ్యర్థజల శుద్ధి విభాగానికి మేనేజర్‌గా వేశారు. అనకాపల్లి నుంచి కంపెనీ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. అక్కడ వ్యర్థజలాన్ని చివరగా వడగట్టేవి సిరామిక్ మెంబ్రేన్లు. అవి చూడటానికి పింగాణీ గొట్టాలు. కంటికి కనిపించని రంధ్రాల గుండా నీరు బయటికి వస్తుంది, మడ్డి లోపలే ఉండిపోతుంది. ప్లాస్టిక్ మెంబ్రేన్లు తట్టుకోలేని వేడి కాస్టిక్ సోడాతోనూ, యాసిడ్‌తోనూ వీటిని కడగవచ్చు. మొండి సరుకు.

అలాంటివి ఉన్నట్టుండి మూసుకుపోవడం మొదలైంది. ఒకరోజు బస్సు దిగగానే షిఫ్ట్ ఆపరేటర్ అప్పలరాజు ఎదురొచ్చాడు.

“నిన్ననే కడిగేం కదా మేడమ్, మళ్ళీ ప్రెజర్ లేసిపోతంది. నీళ్ళు సన్నగా వత్తన్నాయి. ఏటి సెయ్యమంటారు?”

మళ్ళీ కడిగించాను. పూట తిరక్కుండానే మొదటికొచ్చింది. మెంబ్రేన్లు నాసిరకం అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ శ్రీనివాసరావు. మీ నీళ్ళలోనే ఏదో ఉందన్నారు సరఫరాదారులు. ఈలోగా శుద్ధి కావాల్సిన నీళ్ళతో నిల్వ ట్యాంకు నిండుతోంది.

జనరల్ మేనేజర్ పిలిపించారు. “వాన గట్టిగానే పడుతోంది కదమ్మా. బైపాస్ వాల్వ్ తెరిచి ఆ నీళ్ళు కొంచెం వాననీటి కాలవలోకి వదిలేస్తే ఎవరికి తెలుస్తుంది?”

ఆ కాలవ పోయి కలిసేది పక్క ఊరి చెరువులో. అప్పలరాజు వాళ్ళ గేదెలు తాగేది ఆ నీళ్ళే.

“ఆ వాల్వ్ నా విభాగంలోది సర్, నేనుండగా తెరవను. ఉత్పత్తి తగ్గించండి, కారణం నేను పట్టుకుంటాను,” అన్నాను. ఉద్యోగం పోతుందేమోనన్న బెరుకు లేకపోలేదు. కానీ పని తెలుసన్న ధీమా దానికన్నా పెద్దది. ఆయన సరేనన్నారు.

మందులు తయారయ్యే అన్ని బ్లాకుల నీరూ ఒకే ట్యాంకులో కలిశాక దోషి దొరకదు. అందుకని ప్రతి బ్లాకు నీటినీ విడిగా తెప్పించి, ల్యాబ్‌లో ఒంటి గొట్టం గుండా పంపించాను. మిగతావన్నీ సాఫీగా దిగాయి. మూడో బ్లాకు నీరు మాత్రం చూస్తుండగానే ఆగిపోయింది. గొట్టం లోపల వేలు పెడితే నూనెలా జారింది.

శ్రీనివాసరావును ల్యాబ్‌కు పిలిచి, అక్కడ కొత్తగా ఏం వాడుతున్నారని అడిగాను.

“కొత్తదేటీ లేదండీ. రియాక్టర్లో నురుగు పొంగిపోతందని, పాత మందు మానేసి సిలికాన్ మందు ఏత్తన్నాం. నురుగు మందే కదా, నీళ్ళకేటవుద్ది?”

ఆయన ఎదుటే కొత్త గొట్టం బిగించి, మంచినీళ్ళలో ఆ మందు చుక్కలు వేసి పంపాను. ధార సన్నబడి ఆగింది. ఆయన ఆ మధ్యాహ్నమే పాత మందుకు మార్పించాడు.

సిలికాన్ జిడ్డు కాస్టిక్‌కు లొంగదు. సబ్బు లాంటి రసాయనం కలిపిన వేడినీటిలో గొట్టాలను నానబెట్టి, మళ్ళీ మళ్ళీ కడిగించాం. చాలావరకు దారికొచ్చాయి, కొన్నింటిని పారేయక తప్పలేదు. ట్యాంకు పొర్లలేదు, వాల్వ్ తెరవలేదు.

తర్వాత నేను పెట్టించిన నియమం ఒకటే. ఏ బ్లాకులో ఏ కొత్త రసాయనం వాడాలన్నా ముందు మా ల్యాబ్‌లో గొట్టం పరీక్ష దాటాలి. శుద్ధి కేంద్రం ఫ్యాక్టరీకి చివర్లో ఉంటుంది. అయినా లోపల ఏం మారినా మొట్టమొదట చెప్పాల్సింది దానికే.